చక్రమును సరిదిద్దు ధర్మము

భారతీయుల ఆధ్యాత్మిక చింతనలో చక్రమునకు ఉన్నంత గౌరవము మరి యే పనిముట్టునకును లేదు. శ్రీమన్నారాయణుని హస్తమున సుదర్శనమై ప్రకాశించునది చక్రము. తిరుమల బ్రహ్మోత్సవములలో ఎనిమిదవ దినమున స్వామివారి రథమును ముందుకు నడిపించునది చక్రము. తొమ్మిదవ దినమున స్వామిపుష్కరిణిలో చక్రత్తాళ్వారునకు జరుగు స్నానముతో ఆ ఉత్సవము పరిసమాప్తి పొందును. రథచక్రపు ఆకులన్నియు నాభియందును నేమియందును ఇమిడియున్నట్లు సమస్త భూతములును ఆత్మయందు ఇమిడియున్నవని బృహదారణ్యకములోని మధుబ్రాహ్మణము ఉపమించినది. ప్రాణమహిమను చెప్పునపుడు ప్రశ్నోపనిషత్తు ఇదే పోలికను గ్రహించినది. గీతాచార్యుడు మూడవ అధ్యాయమున లోకమును నిలుపు కర్మపరంపరను తిరుగుచున్న చక్రముగా వర్ణించి, దానిని అనుసరించి నడువనివాని బ్రదుకు వ్యర్థమని హెచ్చరించినాడు.

ఈ ఉపమానములన్నియు చక్కగా తిరుగు చక్రమును గూర్చినవి. మరి వంకరపోయిన చక్రము మాట యేమి? నిత్యజీవితమున మనుష్యునకు ఎక్కువగా ఎదురగునది అదియే గదా! తిన్నగా ఉన్న బంధువు, తిన్నగా ఉన్న కుటుంబము, తిన్నగా ఉన్న మనస్సు అరుదు. ఎక్కడనో ఒకచోట దెబ్బ తగిలి, ఒకవైపునకు ఒరిగి, రాచుకొనుచు తిరుగునవే ఎక్కువ. అట్టిదానిని పారవేయవలెనా, సరిదిద్దవలెనా? సరిదిద్దవలెనన్నచో ఎక్కడ చేయి పెట్టవలెను? ఎంత బిగించవలెను? ఎప్పుడు ఆపవలెను? ఇది ధర్మశాస్త్రము చదివినవారికే కాదు, ఇల్లు నడుపు ప్రతి గృహస్థునకును ఎదురగు ప్రశ్న. దీనికి సమాధానము వెదకుటకు చెట్టుక్రింద కూర్చుండి సైకిలు వెనుక చక్రమును బాగుచేయు పనివాని చేతులను కొంతసేపు గమనించుట చాలును.

మోయునది వెనుక చక్రము

బండి చక్రమునకును సైకిలు చక్రమునకును ఒక ముఖ్యమైన భేదమున్నది. ఎద్దుబండి చక్రములో కొయ్య ఆకులు స్తంభములవలె పనిచేయును. ఇరుసుపై బరువు పడినపుడు క్రిందివైపున ఉన్న ఆకు ఆ బరువును తలపై మోయును. సైకిలు పుల్ల అట్టిది కాదు. సుమారు రెండు మిల్లీమీటర్ల మందము గల ఆ తీగ బరువును నెత్తిన పెట్టినచో వంగిపోవును. దాని బలమంతయు లాగుటలోనే ఉన్నది. నాభి నుండి రిమ్ము వరకు అన్నివైపులకు కట్టిన పుల్లలన్నియు ముందుగానే బిగువుగా లాగబడి ఉండుటచేత నాభి నడుమ నిలిచియుండును. బరువు పడినపుడు క్రిందనున్న పుల్లల బిగువు కొంత సడలును. చక్రము తిరిగి ఆ పుల్లలు పైకి పోగానే వాటి బిగువు మరల వచ్చును. ఒక్క పుల్ల కూడ ఒంటరిగా బరువు మోయదు; ఒకదాని లాగుడు మరియొకదాని లాగుడునకు సరితూగుటచేతనే బరువు నిలుచుచున్నది.

ఈ విధమైన చక్రమునకు చరిత్ర చాల ప్రాచీనమైనది కాదు. పుల్లలను నాభికి నేరుగా కాక ఏటవాలుగా, ఒకదానినొకటి దాటునట్లు అల్లు పద్ధతికి ఇంగ్లండు దేశస్థుడైన జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు పొందెను. 1885లో ఆయన సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ వెలువరించిన రోవర్ సైకిలులో త్రొక్కినవాని శక్తి గొలుసు ద్వారా వెనుక చక్రమునకు చేరునట్లు ఏర్పాటు జరిగినది. నాటి నుండి వెనుక చక్రమునకు రెండు బాధ్యతలు కలిగినవి. ఎక్కినవాని బరువులో ఎక్కువ భాగమును మోయునది అదియే. బండిని ముందుకు నెట్టునదియు అదియే. పాలక్యానులైనను, పూలబుట్టలైనను, గడ్డిమోపైనను పడునది వెనుకనున్న క్యారియరు మీదనే. అందువలననే మన దేశములో తయారైన పెద్ద నల్ల సైకిళ్లలో సామాన్యముగా ముందు చక్రమునకు 32 పుల్లలును, వెనుక చక్రమునకు 40 పుల్లలును ఉండును.

త్రోవ చూపు ముందు చక్రము అందరి కంట పడును. మోయుచు నడిపించు వెనుక చక్రము ఎక్కినవాని కంటికి కూడ కానరాదు. అది చప్పుడు చేసినప్పుడే అతడు వెనుకకు తిరిగి చూచును. కుటుంబములలో కూడ ఇట్టి వెనుక చక్రములున్నవి. తమ్ముల చదువులకు, చెల్లెండ్ర పెండ్లిండ్లకు, తల్లిదండ్రుల మందులకు తన సంపాదననంతయు పంచిన అన్నగారుండును. తెల్లవారుజామున లేచి అందరు తినిన పిమ్మట తినెడి ఇల్లాలుండును. వారు మోయుచున్నంత కాలము ఎవ్వరును వారివైపు చూడరు. ఒకనాడు ఆ అన్నగారు గట్టిగా కేకలు వేసి ఇల్లు విడిచి వెళ్లినచో మాత్రము “అతడు మారిపోయినాడు” అని అందరును అందురు.

వంకర కనిపించు చోటు, కారణమున్న చోటు

పుల్ల ఎట్లు విరుగును? ఒక్కమారు పడిన పెద్ద బరువుచేత అది విరుగుట తక్కువ. పెద్ద చక్రము ఒకమారు తిరిగిన సుమారు రెండుంబావు మీటర్ల దూరము పోవును. అనగా పది కిలోమీటర్లు పోవుటకు అది దాదాపు 4,500 మార్లు తిరుగవలెను. అన్నిమార్లును ప్రతి పుల్ల సడలి మరల బిగియును. ఇట్లు లక్షలమార్లు జరుగగా లోహము అలసిపోయి, ప్రాయికముగా నాభి దగ్గర వంపు తిరిగిన చోట తెగిపోవును. చక్కగా బిగించిన పుల్ల ఈ అలసటకు చాలకాలము తట్టుకొనును. వదులుగా ఉన్న పుల్లయే త్వరగా విరుగును. తాను వదులగుటచేత ప్రక్కవాటిపై భారము మోపి, వాటిని కూడ అలయజేయును.

కనుక విరిగిన పుల్లను చూచి “ఇది చెడ్డ పుల్ల” అనుట తొందరపాటు. ఒకేచోట మాటిమాటికి పుల్లలు విరుగుచున్నచో, నేర్పరియైన పనివాడు క్రొత్త పుల్ల వేసి పంపివేయడు. చక్రమంతటిని పరిశీలించును. వ్రేలితో ఒక్కొక్క పుల్లను మీటి చూచును. ఒకవైపు పుల్లలన్నియు ఇంచుమించు ఒకే శ్రుతి పలుకవలెను. తంబురా తంత్రులవలె, ఏది మందముగా పలికినదో అది వదులైనది. ఏది తీవ్రముగా పలికినదో అది మితిమీరి బిగిసినది. ఆ ధ్వనిలోనే అతనికి కారణము దొరకును. విరిగినది ఒకచోట, దానిని విరుగగొట్టిన వదులుదనము మరియొకచోట.

పుల్ల విరుగగానే రిమ్ము ఎదుటివైపునకు ఒరుగును. ఆ వైపు ఫ్రేమునకో బ్రేకుముక్కకో అది రాచుకొనును. తెలియనివాడు రాచుకొనుచున్న చోట సుత్తితో కొట్టును. తెలిసినవాడు చక్రమును మెల్లగా త్రిప్పుచు సుద్దముక్కను కదలకుండ రిమ్ము ప్రక్కన పట్టును. ఒరిగిన చోట మాత్రమే సుద్ద గీత పడును. అంతట అతడు గీత పడిన చోట ఎదుటివైపు పుల్లలను పావుచుట్టు బిగించి, గీత పడినవైపు పుల్లలను పావుచుట్టు వదులుచేయును. మరల చక్రమును త్రిప్పి చూచును. మరల పావుచుట్టు. ఒకేసారి రెండు మూడు చుట్లు త్రిప్పడు. ఏలయన ఒకచోట చేసిన మార్పు ఆ చోటనే ఆగిపోదు, చక్రమంతటను ప్రసరించును. నిపులు తుప్పుపట్టి కదలనిచో బలవంతము చేయక ఒక చుక్క నూనె వేసి కొంతసేపు ఆగును.

ఈ చిన్న పనిలో సరిదిద్దుటను గూర్చిన గొప్ప నీతి యున్నది. బిగించుట మాత్రమే దిద్దుబాటనుకొనువాడు పుల్లలన్నిటిని బిగించుచు పోవును. కడకు రిమ్ము ఆ బిగువు తట్టుకొనలేక మెలిదిరుగును, లేదా పుల్ల రంధ్రము దగ్గర పగులును. వదలుట మాత్రమే దయ యనుకొనువాని చక్రము ఊగిసలాడి, పుల్లలన్నియు ఒకటి వెంట ఒకటి విరుగును. కుడివైపు లాగుడును ఎడమవైపు లాగుడును సమానమైనపుడే రిమ్ము నడుమ నిలుచును. పూర్వాచార్యులు భగవంతుని యందు తండ్రివలె దండించి హితము చేయు గుణమును చెప్పిరి. శ్రీమహాలక్ష్మి యందు తల్లివలె బిడ్డ తప్పును మన్నింపజేయు పురుషకారమును చెప్పిరి. ఒకటి ఉండి రెండవది లేనిచో చేతనునకు గతి లేదు. ఇంటిలో కూడ దండన, దయ అనునవి ఒకదానికొకటి శత్రువులు కావు. అవి ఒకే నాభికి కట్టిన రెండువైపుల పుల్లలు.

ఇల్లు విడిచిన అన్నగారి విషయమునకు మరల వత్తము. అతనిని పిలిచి కోపము తగ్గించుకొమ్మని ధర్మబోధ చేయుట రాచుకొనుచున్న చోట కొట్టుటవంటిది. అతనిపై భారమును కొంత వదులుచేసి, ఇంతకాలము వదులుగా ఉన్న తమ్ములు తలకొక పావుచుట్టు బిగిసినచో, చెప్పకయే అతడు నడుమకు వచ్చును.

పుల్లకు దోషము లేదు, మరి మనుష్యునకు?

ఇక్కడ ఒక న్యాయమైన ఆక్షేపణ కలుగును. విరిగినవానిని వదలి చుట్టునున్నవారిలో కారణమును వెదకుచు పోయినచో, ఇక తప్పుచేసినవాడెవ్వడు? దొంగిలించినవాడు దారిద్ర్యమును, కొట్టినవాడు కోపమును, అబద్ధమాడినవాడు భయమును చూపి తప్పించుకొనవచ్చును గదా? అందరికిని కారణములున్నచో ఎవ్వరికిని బాధ్యత లేకపోవును. ధర్మము అను మాటకే అర్థముండదు.

ఈ ఆక్షేపణకు విశిష్టాద్వైత సిద్ధాంతమే చక్కని సమాధానమిచ్చుచున్నది. తత్త్వములు మూడు: చిత్తు, అచిత్తు, ఈశ్వరుడు. పుల్ల అచిత్తు. అది తెలియదు, కోరదు, నిర్ణయింపదు. కావున దానికి పాపమును లేదు, పశ్చాత్తాపమును లేదు. జీవుడు చేతనుడు. జీవునకు కర్తృత్వము కలదనియు, అది పరమాత్మాధీనమనియు, అయినను జీవుడు చేయు మొదటి ప్రయత్నమును అపేక్షించియే ఈశ్వరుడు అనుమతించి నడిపించుననియు భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిర్ణయించిరి. ఆ మొదటి ప్రయత్నమే బాధ్యతకు బీజము. చుట్టునున్నవారి వదులుదనముచేత ఒకనిపై భారము పెరుగవచ్చును. కాని ఆ భారమున ఏమి చేయవలెనను నిర్ణయము వానిది. పుల్లవలె విరుగుట వానికి విధి కాదు. “నాకు బరువెక్కువైనది, చేయి పట్టుడు” అని చెప్పగల నోరు వానికున్నది.

కావున ఉపమానమును దాని హద్దువరకే గ్రహింపవలెను. సరిదిద్దువాడు కారణములన్నిటిని వెదకవలెను. తప్పుచేసినవాడు కారణముల వెనుక దాగరాదు. తీర్పు చెప్పువానికి పనికివచ్చు దృష్టి వేరు, తన్ను తాను పరీక్షించుకొనువానికి పనికివచ్చు దృష్టి వేరు. లోకములో సామాన్యముగా జరుగునది దీనికి విరుద్ధము. ఎదుటివాని తప్పునకు స్వభావమును, తన తప్పునకు పరిస్థితులను కారణముగా చెప్పుట మనుష్యుని అలవాటు. ఈ రెంటిని తారుమారు చేసికొన్ననాడు సగము కలహములు శమించును.

హద్దు తెలిసిన మరమ్మతు

సరిదిద్దుటకు కూడ ఒక హద్దున్నది. పుల్ల లాగగలదు గాని నెట్టలేదు. గోతిలో పడి రిమ్ము లోనికి నొక్కుకొనిపోయినచో ఎంత బిగించినను పుల్లలు దానిని బయటికి త్రోయలేవు. అప్పుడు పుల్లలను వదులుచేసి రిమ్మునే వేరుగా సాగదీయవలెను. రిమ్ము పగిలినచో ఆ పనియు వలదు, దానిని మార్చవలసినదే. మార్చినను నాభి అదియే, మంచి పుల్లలుండి క్రొత్త రిమ్మునకు సరిపడినచో పుల్లలును అవియే. చెడినదానిని మార్చుట వేరు, సమస్తమును పారవేయుట వేరు.

పనివాని ధర్మము పరీక్షకు వచ్చునది ఇక్కడనే. పాలు పోయువాడొకడు ఉదయమున చక్రమును తెచ్చి, “అన్నా, ఈ పూటకు ఎట్లాగో నడిపించు. పాలు విరిగిపోతే నా పిల్లలకు అన్నముండదు” అని బ్రతిమాలునని అనుకొందము. రిమ్ము పగులు పనివానికి కనబడినది, పాలవానికి కనబడలేదు. పుల్లలను బిగించి పంపిన పది నిమిషముల పని, కూలి దొరకును, పాలవాడు దీవించును. కాని బరువుతో పల్లము దిగునపుడు ఆ పగులు విచ్చుకొన్నచో పోవునది పాలు కాదు, ప్రాణము. కాదని పంపివేసినచో ఆ కుటుంబమునకు ఆనాడు కూడు లేదు. ఏది ధర్మము?

మౌనముగా బాగుచేసి పంపుట దయవలె కనబడు మోసము. మౌనముగా నిరాకరించుట నిజాయితీవలె కనబడు కాఠిన్యము. మొదట పగులును చూపి నిజము చెప్పవలెను. పిమ్మట తన అంగడిలోని పాత చక్రమును ఆ పూటకు ఎరువిచ్చుటయో, క్యానులు వేరొకని బండిపై పంపునట్లు చూచుటయో చేయవలెను. సత్యము చెప్పినంతనే బాధ్యత తీరిపోదు. ఆ సత్యమువలన ఎదుటివానికి కలిగిన కష్టములో ఒక భాగమును తాను పంచుకొన్నప్పుడే అది ధర్మమగును.

కైకేయి కథలో ఈ విషయమునకు ఒక హెచ్చరిక కనబడుచున్నది. యుద్ధమున దశరథుడు ఆపదలోనున్నపుడు ఆమె ఆయనను రక్షించెను. రథపు ఇరుసు చీల ఊడిపోగా తన వ్రేలిని అందుంచి చక్రమును నిలిపెనని జనశ్రుతి. అది మహాసాహసము, దానిని తప్పుపట్టవలసిన పని లేదు. తప్పంతయు తరువాతి మాటలో నున్నది. ఆ ఉపకారమునకు ప్రతిగా రాజు హద్దులేని రెండు వరములిచ్చెను. ఆమె వాటిని అప్పుగా నిలువయుంచెను. ఏండ్లు గడచిన పిమ్మట ఆ అప్పు శ్రీరామచంద్రుని అరణ్యమునకు పంపినది. ఆపదలో వేసిన తాత్కాలికమైన చీలను ఆపద తీరగానే తీసి శాశ్వతమైనదానిని వేయవలెను. ఉపకారము చేసినవాడు లెక్క వ్రాసి దాచుకొన్నను, పొందినవాడు హద్దు లేక మాట యిచ్చినను, రక్షించిన వ్రేలే తరువాత గొంతు పట్టును.

మరమ్మతులో కడపటి పని యొకటి కలదు. పుల్ల కొన రిమ్ము లోపలికి పొడుచుకొని వచ్చినచో దానిని ఆకురాయితో అరగదీసి, పట్టీ కప్పి, అటుపిమ్మట ట్యూబు వేయవలెను. అట్లు చేయనిచో పైకి నున్నగా తిరుగు చక్రము కొన్నాళ్లకు లోపలినుండియే పంక్చరగును. రాజీపడిన పిమ్మట కూడ పాత తప్పును మాటిమాటికి ఎత్తిపొడుచువారు అరగదీయని పుల్లకొనలు. బయటి ముల్లునకు జాగ్రత్తపడవచ్చును. లోపలి ముల్లు ఎవ్వరికిని కానరాదు.

అంబరీషుని నిరీక్షణ

సరిదిద్దవలసిన చోటు ఏది యను ప్రశ్నకు శ్రీమద్భాగవతము నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానము పరమప్రమాణము. ద్వాదశి పారణ వేళ మించిపోవుచుండగా అంబరీషుడు నీరు మాత్రము త్రాగెను. దానిని అవమానముగా తలచి దుర్వాసుడు కృత్యను సృష్టించెను. సుదర్శనము కృత్యను దహించి మహర్షిని తరిమినది. ఆయన బ్రహ్మను శరణుజొచ్చెను, శంకరుని శరణుజొచ్చెను, కడకు వైకుంఠమునకు పరుగెత్తెను. చక్రము ఎవనిదో ఆ స్వామియే, తాను భక్తపరాధీనుడననియు, అపరాధము ఎవనియెడ జరిగెనో అతనికడకే పొమ్మనియు చెప్పెను. రాచుకొనుచున్న చోటు వైకుంఠము కాదు. వదులైన పుల్ల ఆ రాజుగారి యింటి ముంగిట ఉన్నది. సర్వశక్తుడు కూడ దానిని మరియొకచోట బిగింపలేదు.

దుర్వాసుడు తిరిగి వచ్చువరకు ఒక సంవత్సరము గడచెను. అంతకాలము అంబరీషుడు భుజింపక నీటితో ప్రాణము నిలుపుకొనుచు అతిథికొరకు ఎదురుచూచెను. తన్ను చంపబోయినవాడు వచ్చి పాదములపై పడగా ఆ రాజు సిగ్గుపడి, తన పుణ్యమంతయు ధారపోసి, చక్రము శాంతించునట్లు ప్రార్థించెను. తప్పు చేసినవాడు తిరిగిరావలెను. తప్పు సహించినవాడు తలుపు తెరచి ఉంచవలెను. ఒకరు బిగియగా మరియొకరు వదలినారు. అప్పుడే చక్రము శాంతించినది.

చెడినవారిని విడిచిపెట్టుట సులభము. కొట్టి వంచుట అంతకన్న సులభము. ఓర్పుతో పావుచుట్టు చొప్పున త్రిప్పుచు, మాటిమాటికి సమస్తమును పరికించుచు, తన చేతి తొందరనే మొదట అదుపున ఉంచుకొనుట కష్టము. శ్రీనివాసుని కొండకు వచ్చువారిలో చాలమంది ఇంట ఎక్కడనో ఒక వంకరను విడిచి, దానిని గూర్చి మ్రొక్కుకొనుటకు వత్తురు. స్వామి కృప అపారము; సందేహము లేదు. ఆ కృపను వెంటబెట్టుకొని ఇంటికి మరలి, అలిగినవారి గుమ్మము ముందు నిలువవలసిన పాదములు మాత్రము యాత్రికునివే.